మూలమడి వానపాములు

షెడ్డు వెనక ఇల్లు,
మార్చి 2

వదిన గారికి నమస్కారాలు.

చేరిపోయాం. అద్దె ఇళ్ళు మారి మారి నా నడుం పడిపోయింది, ఇంక చచ్చినా సామాను ఎత్తనని మీ తమ్ముడితో తెగేసి చెప్పాను. మామయ్య గారు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన షెడ్డుకి తాళం అలాగే వేసి ఉంది. దాని వెనక రెండు గదులకి సున్నం కొట్టించాం. మీ తమ్ముడు లారీ ఎక్కితే పది రోజులకి గానీ దిగడు కదా, ఇక ఇంటికి రాణిని నేనే.

వెనక ఖాళీ జాగాలో మళ్ళు చేశాను. ఆకుకూర, టమాటా, ముల్లంగి. ఆకుకూర బాగానే ఉంది కానీ ముల్లంగి మాత్రం పెన్సిల్ అంత వచ్చి ఆగిపోతోంది. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఇక్కడెవరూ ఏమీ వెయ్యరమ్మా" అంది. ఎందుకని అడిగితే పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్ళిపోయింది. కానీ వదినా, పార వేస్తే చాలు, వానపాములే వానపాములు! వానపాములుంటే మట్టి మంచిదంటారు కదా. మీరు చేసేది మట్టి పరీక్షలే, అందులోనూ వానపాముల మీదే. ఒక్కసారి చూసి పెట్టరూ?

బుజ్జికి వచ్చే నెల రెండేళ్ళు నిండుతాయి. ఇరవై ఆరు మాటలు వచ్చు. నమ్మకపోతే వచ్చి చూడండి, ఏ మాట వస్తే ఆ మాట వంటగది గోడ మీద బొగ్గుతో రాస్తున్నాను. మొన్న మీ ఫొటో చూపిస్తే "అత్త" అంది. ఇరవై ఆరోది అదే. వానపాముని "పాపాము" అంటుంది, దాన్ని కూడా రాశాను, తప్పయితే తప్పయింది.

సెలవులకి పెద్దపిల్లని పంపండి. పదేళ్ళ పిల్లని ఆ మేడ మీద గదిలో పెట్టి ఏం చేస్తారు? ఇక్కడ మేనమామ ఇల్లు ఉంది, మరదలు ఉంది, కావలసినంత మట్టి ఉంది.

మీ మరదలు

*

మట్టి పరీక్షల ఆఫీసు,
మార్చి 9

మరదలు పిల్లకి ఆశీస్సులు.

రాణి గారి ఉత్తరం అందింది. పరవాలేదే, నా తమ్ముడు నీకు పార పట్టడం కూడా నేర్పాడు.

మట్టి పంపు. వానపాముల్ని కూడా పంపు. వెనక గోడకి, పాత తూముకి మధ్య మూల ఒకటి ఉంటుంది చూడు, అక్కడి మడిలోవే కావాలి. జానెడు లోతున తవ్వి, ఆ మట్టితో సహా మూత ఉన్న డబ్బాలో పెట్టి, మూతకి నాలుగు చిల్లులు పొడిచి బస్సు పార్సిల్‌లో వెయ్యి. డబ్బాకో నంబరు. తోడు ఒక ఉత్తరం. ఫోన్‌లో చెబితే నాకు గుర్తుండదు, ఏం చూశావో అన్నీ రాసి పంపు. ఖాళీ డబ్బాలు నేను తిరిగి పంపుతాను.

ఇక్కడ మేం చేసే పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక పెట్టె తీసుకుంటాం. మధ్యలో అట్టముక్క నిలబెట్టి ఒక పక్క శుభ్రమైన మట్టి, ఇంకో పక్క అనుమానం ఉన్న మట్టి నింపుతాం. అట్ట తీసేసి ఆ గీత మీద పది వానపాముల్ని వదిలి మూత పెడతాం. రెండు రోజుల తరవాత తెరిచి ఎటు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, కానీ చర్మంతో మట్టిని చదువుతుంది. చెడ్డ మట్టిలోంచి పారిపోతుంది. ఇంకో పరీక్ష ఉంది, దానికి యాభై ఆరు రోజులు పడుతుంది. లోహం ఉన్న మట్టిలో వానపాము వెంటనే చావదు, ముందు గుడ్లు మానేస్తుంది. నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవి, ఆ గుడ్ల సంచుల్ని జల్లెడ పట్టి లెక్కించడమే నా బతుకు. పదకొండేళ్ళుగా అదే, అదీ తాత్కాలిక ఉద్యోగమే.

పెద్దపిల్లని ఇరవై తొమ్మిదిన బస్సెక్కిస్తాను. దాన్ని పాడుచెయ్యకు.

వదిన

*

షెడ్డు వెనక ఇల్లు,
ఏప్రిల్ 6

వదిన గారికి,

డబ్బాలు మూడు పంపుతున్నాను. మీరు చెప్పిన మూలే. ఔను గానీ, మీరీ ఇంటికి వచ్చి ఎన్నేళ్ళయింది, ఆ మూలలో వానపాములున్నాయని మీకెలా తెలుసు? మీ తమ్ముణ్ణి అడిగితే "అక్క చెప్పిందంటే శిలాశాసనం, తవ్వు" అని లారీ ఎక్కేశాడు.

నిజంగానే అక్కడి వానపాములు వేరేగా ఉన్నాయి. కాస్త సన్నం, కాస్త నల్లన, కానీ చురుకు.

మీ పెద్దపిల్ల వచ్చిన రోజు నించి ఇల్లు ఇల్లులా లేదు. ఇద్దరూ పొద్దున లేస్తే మట్టిలోనే. మీ పిల్ల ముల్లంగిని పీకి పావడాకి తుడుచుకుని పచ్చిదే కరకరా నమిలేస్తోంది. దాన్ని చూసి బుజ్జి కూడా. బుజ్జికి ముప్పై నాలుగు మాటలు! మీ పిల్లే దానికి వదిన కదా, ఆ వదిన లేకపోతే ఒక్క పూట ఉండదు. "దినా, దినా" అంటూ దాని వెనకే.

మీరు చెప్పిన పెట్టె నేను కూడా చేశాను, నవ్వకండి. చెప్పుల అట్టపెట్టెకి లోపల ప్లాస్టిక్ కవరు వేసి, ఒక పక్క బడి ఆటస్థలం నించి తెచ్చిన మట్టి, ఇంకో పక్క మన మూలమడి మట్టి. మడిలోవే పది వానపాముల్ని వదిలాను. రెండు రోజులకి తెరిస్తే అటు నాలుగు, ఇటు ఆరు. మన మట్టిలోనే ఎక్కువ! పారిపోలేదు! నా ఆనందం చెప్పలేను. మట్టి మంచిదేనన్నమాట, కదూ?

మీ మరదలు

*

మట్టి పరీక్షల ఆఫీసు,
ఏప్రిల్ 11

అమ్మాయీ,

ఈ ఉత్తరం అందిన రోజే పెద్దపిల్లని బస్సెక్కించు. లెక్కల ట్యూషన్ కుదిరింది, సోమవారం నించి వెళ్ళకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. దాని బట్టలు అక్కడే ఉంచెయ్యి, మోసుకు రావద్దని చెప్పు. చెప్పులు కూడా వద్దు, నేను కొత్తవి కొంటాను.

పెట్టె పరీక్ష చక్కగా చేశావు. వానపాములు పారిపోలేదంటే ఇక అనుమానమేముంది? నువ్వు చూసిందే నిజం. మీ పాటికి మీరు తినండి. ఆకుకూర కడుక్కుంటే చాలు.

ఒక్క మాట జాగ్రత్తగా విను. ఆ మూలమడిని ముట్టుకోకు. సున్నం చల్లడం, పెంట వెయ్యడం, కొత్త మట్టి పోయడం, ఇలాంటి పెత్తనాలేవీ వద్దు. ఎలా ఉందో అలాగే ఉండాలి. వారానికి నాలుగు డబ్బాలు పంపు. నాకు అవి కావాలి.

వదిన

*

షెడ్డు వెనక ఇల్లు,
మే 20

వదిన గారికి,

ఈ వారం డబ్బాలతో ఈ ఉత్తరం. ఇప్పటికి ఇరవై ఏడు పంపాను, మడిలో వానపాములు పలచబడ్డాయి.

పెద్దపిల్లని అలా తన్నుకుపోయినట్టు పిలిపించుకున్నారేమని మనసులో కష్టం వేసింది, అది దాచను. బుజ్జి వారం రోజులు గుమ్మంలో కూర్చుని "దినా" అని ఏడ్చింది. తరవాత ఆ మాటే మానేసింది.

వదినా, అదొక్క మాటే కాదు. బుజ్జికి ఒంట్లో బాగోలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. నాలుగు రోజులకోసారి దొడ్డికి వెళ్తుంది. మొహం పాలిపోయింది. ఊరికే విసుగు, ఊరికే ఏడుపు. వీధి చివర కాంపౌండరు చూసి కడుపులో నులిపురుగులన్నాడు, మందు తాగించాను, ఏమీ పడలేదు. మట్టి తింటోందా అని అడిగాడు. తింటోంది. ఎంత కొట్టినా ఆ మూలకే పోయి గుప్పెడు నోట్లో పెట్టుకుంటుంది, తియ్యగా ఉంటుందేమో మరి.

గోడ మీద ముప్పై ఎనిమిది దాకా వెళ్ళిన మాటలు అక్కడే ఆగాయి. ఇప్పుడు వెనక్కి వస్తున్నాయి. నిన్న గోడ దగ్గర నిలబెట్టి ఒక్కొక్కటే అడిగాను. పంతొమ్మిది చెప్పింది. మిగతావాటికి నా నోరే చూస్తూ నిలబడింది.

మీరు చదువుకున్నవారు. నిజం చెప్పండి. ఆ మట్టిలో ఏమైనా ఉందా?

మీ మరదలు

*

మట్టి పరీక్షల ఆఫీసు,
మే 27

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల నాలుగు మాటలు మరిచిపోతే మట్టి మీద పడ్డావా? నీ పుట్టింటివాళ్ళు మాటకారులేమీ కాదు, మీ నాన్న పెళ్ళిలో నోరు విప్పి నాలుగు ముక్కలు మాట్లాడితే ఒట్టు. పోలిక ఎక్కడికి పోతుంది? రోజంతా ఒంటరిగా పిల్లని మడిలో కూర్చోబెట్టి నువ్వు పార పట్టుకు తిరిగితే దానికి మాటలు ఎవరు నేర్పుతారు? మట్టి తినకుండా చూసుకోవడం తల్లి పని. అది చేతకాక పరీక్షలు చేసేవాళ్ళని నిలదియ్యడం ఒకటి.

పెద్దాసుపత్రికి పరిగెత్తకు. అక్కడ అడ్డమైన ప్రశ్నలు వేస్తారు, ఆఫీసువాళ్ళు వచ్చి జాగాకి తాళం వేస్తారు, మీరు మళ్ళీ సామాను ఎత్తాలి. ఇంక ఎత్తనని నువ్వే కదా అన్నావు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా పని చివరికొచ్చింది. వేరే ఎక్కడా ఇలాంటి వానపాములు దొరకవు. వచ్చే నెలాఖరుకి నివేదిక ఇస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని పెద్దసారు నోటితో అన్నారు. పదకొండేళ్ళలో నాకంటూ వచ్చిన ఒకే ఒక్క అవకాశం. నువ్వు కంగారు పడి దాని గొంతు కొయ్యకు. ఇంకో ఐదు వారాలు ఓపిక పట్టు, డబ్బాలు మాత్రం తప్పకుండా పంపు.

వదిన

*

షెడ్డు వెనక ఇల్లు,
జూన్ 9

వదిన గారికి,

డబ్బాలు నాలుగు పంపుతున్నాను, 36 నించి 39 దాకా. ఇక మీదట కూడా వారం వారం అందుతాయి. ఇక్కడ వానలు మొదలయ్యాయి.

మీరు చెప్పినట్టే ఓపిక పడుతున్నాను.

మీ మరదలు

*

మట్టి పరీక్షల ఆఫీసు,
జులై 8

నా బంగారు మరదలికి,

అయిపోయింది! ఉద్యోగం ఖాయమైంది. కాగితం నా చేతిలో ఉంది, మూడుసార్లు చదువుకున్నాను.

ఏం జరిగిందో విను. నువ్వు పంపిన వానపాములు మే నెల దాకా లోహం మట్టిలో హాయిగా బతికాయి, పారిపోలేదు, ఒంటి నిండా సీసం. తరతరాలుగా ఆ మట్టికి అలవాటుపడ్డ జాతి అది. ఇంతవరకు నేను అనుకున్నదే. కానీ జూన్‌లో అంతా తలకిందులైంది! కొత్త డబ్బాల్లోవి అదే మట్టిలోంచి పరుగో పరుగు. ఒంట్లో సీసం ఇంచుమించు లేదు. తడి కాగితం మీద ఒక రోజంతా ఉంచి, కడుపులో మట్టి పోయాక మళ్ళీ సీసం కొలిచి చూశాను, అదే ఫలితం. రాత్రింబవళ్ళు ఆలోచిస్తే అప్పుడు తట్టింది. వానే! వాన నీటికి ఒంట్లోని సీసం కడుక్కుపోతోంది, దానితో పాటు ఓర్పు కూడా పోతోంది. నివేదికకి అదే గుండెకాయ. నిన్న పెద్దల ముందు చదివాను. పెద్దసారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "పదకొండేళ్ళు ఈవిణ్ణి గుర్తించనందుకు సిగ్గుపడుతున్నాను" అన్నారు. ఏడ్చేశాననుకో.

ఇదంతా నీ చలవే. నీకో చీర కొంటాను.

అన్నట్టు, ఇక ఆ దొడ్లోవి తినడం మానెయ్యండి. ఏదో ముందుజాగ్రత్త, అంతే. బుజ్జిని కూడా అటు పోనివ్వకు.

వదిన

*

ఊరి అవతల, అద్దె గది,
జులై 15

వదిన గారికి,

సామాను ఎత్తేశాం. జూన్ పదోతేదీన మీ తమ్ముడు లారీ దిగీ దిగకముందే ఎక్కించేశాను. మీ ముందుజాగ్రత్త నెల రోజులు ఆలస్యంగా అందింది.

జూన్ మొదట్లో బుజ్జి ఏడుపు మాన్పలేక మళ్ళీ ఆ పెట్టె చేశాను. దానికి పాపాములంటే ఇష్టం కదా. మడిలోవన్నీ మీకే పంపేశాను, పది దొరకలేదు. కాలవ గట్టున గాలాలకి ఎరలమ్మే ముసలాయన దగ్గర కొన్నాను. అదే పెట్టె, అదే బడి మట్టి, అదే మూలమడి మట్టి. రెండు రోజులకి తెరిచాను. తొమ్మిది బడి మట్టిలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకటి మన మట్టిలో చచ్చి ఉంది. నమ్మలేక మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

అప్పుడర్థమైంది నా తెలివితక్కువతనం. ఆ మట్టిలో పుట్టి పెరిగినవాటిని తెచ్చి మట్టి ఎలా ఉందని అడిగాను. వాటికి అదే ఇల్లు, ఎక్కడికి పోతాయి? మట్టి సంగతి తెలియాలంటే బయటి వానపాముల్ని వెయ్యాలి. అది మీకు తెలుసు. పదకొండేళ్ళుగా మీ పనే అది. తెలిసీ "చక్కగా చేశావు" అని రాశారు.

ముసలాయన ఇంటికొచ్చాడు. మామయ్య గారి షెడ్డులో పనిచేసినవాడట. మూలమడిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, సీసం కరిగించగా మిగిలిన మడ్డి, యాసిడ్ నీళ్ళు అన్నీ అక్కడే పోసేవాళ్ళం. అయ్యగారి పెద్దమ్మాయి గారే తట్ట మోసేవారు, అప్పటికి ఇంత పిల్ల. ఇక్కడి ఎరలు నేను ముట్టను. ఒకసారి ఏరుకుని తిన్న నా కోళ్ళు మెడలు వాల్చి చచ్చాయి" అన్నాడు. మీకు ఆ మూల ఎలా తెలుసని ఏప్రిల్‌లో అడిగాను, గుర్తుందా? జవాబు రాయలేదు మీరు.

మీరు తిప్పి పంపిన ఖాళీ డబ్బాలు తీసి చూశాను. తెరిచిన ప్రతి డబ్బా మూత మీద మీరు తేదీ వేస్తారు, మీ పద్ధతి. మొదటి డబ్బా మూత మీద ఏప్రిల్ 10. పక్కన చిన్న అక్షరాలతో "సీసం, చాలా ఎక్కువ". మరునాడు పదకొండున మీ పిల్లని పిలిపించుకున్నారు. బట్టలు వద్దు, చెప్పులు కూడా వద్దు. అదే కాగితం మీద, దాని కిందే, నా పిల్లని తినమని రాశారు. వదినా, ఆ రెండు వాక్యాల మధ్య మీ పెన్ను ఒక్క క్షణమైనా ఆగిందా?

బుజ్జి రక్తంలో సీసం ఉండదగ్గదానికి తొమ్మిదింతలు ఉంది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాం. డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఇంట్లో బ్యాటరీలేమైనా ఉన్నాయా?" ఏప్రిల్‌లోనే తీసుకొస్తే ఇంత దాకా వచ్చేది కాదంది. ఒంట్లో సీసం దిగుతుంది గానీ, పోయినవాటిలో ఎన్ని తిరిగి వస్తాయో చెప్పలేనంది. ఇవాళ్టికి బుజ్జికి ఆరు మాటలున్నాయి.

ఇక మీ నివేదిక సంగతి. జూన్‌లో నేను పంపిన కొన్ని డబ్బాల్లోవి మూలమడి వానపాములు కావు. కాలవ గట్టువి. మట్టి మనది, వానపాములు ముసలాయనవి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మూతలకి చిల్లులు పొడిచాను. ఏ నంబర్లలో ఏవి వేశానో ఒక కాగితం మీద రాసుకున్నాను. వానకి ఏదీ కడుక్కుపోదు, వదినా. నా పిల్లకి కడుక్కుపోలేదు.

మీ ఉత్తరాలన్నిటికీ నకళ్ళు తీయించి, ఆ మూతలతో సహా మీ పెద్దసారుకి పంపాను. అన్నీ రాసి పంపమన్నది మీరే. మీ తమ్ముడు ఉత్తరాలన్నీ వరసగా చదివాడు. చదివి లారీ కింద దూరి, గంటసేపు బయటికి రాలేదు.

మరదలు

*

మట్టి పరీక్షల ఆఫీసు,
జులై 17

అమ్మాయీ,

నీ కాళ్ళు పట్టుకుంటాను. కోపంలో ఏవేవో చేశావు, సరే, నేను ఏమీ అనను. ఏ డబ్బా నించి మార్చావో ఒక్క ముక్క రాయి. జూన్ మొదటి వారం డబ్బాలా, రెండో వారం డబ్బాలా? అన్నీనా, కొన్నేనా? డబ్బా నంబర్లు రాసుకున్న కాగితం నీ దగ్గర ఉంది కదా, అది పంపు చాలు. మే నెల డబ్బాలు అసలైనవేనని రాసి సంతకం పెడితే సగమైనా నిలబెట్టుకుంటాను. పెద్దసారు నువ్వు పంపిన డబ్బా మూతలు బల్ల మీద వరసగా పేర్చుకుని తేదీలు చూస్తున్నారు. సోమవారం అందరి ముందు నన్ను నిలబెడతారు. పదకొండేళ్ళు జల్లెడ పట్టిన చేతులివి. నాకింకే పనీ రాదు. నా మొహం చూసి కాకపోయినా తమ్ముడి మొహం చూసైనా ఏ డబ్బాలో ఏవి వేశావో చెప్పు. వెంటనే రాయి. సోమవారంలోగా అందాలి.

వదిన

*

అద్దె గది,
జులై 26

వదిన గారికి,

మీ ఉత్తరం సోమవారానికి ముందే అందింది. ఇవాళ శనివారం, మీ సోమవారం దాటి ఐదు రోజులు.

దాన్ని రెండుసార్లు చదివాను. డబ్బా అన్న మాట ఏడుసార్లు ఉంది. బుజ్జి అన్న మాట లేదు. పిల్లకెలా ఉందని కూడా లేదు. ఒక్కసారి ఉండి ఉంటే ఆ కాగితం మీకు పంపేదాన్నే, అంత పిచ్చిదాన్ని నేను. పొయ్యిలో పెట్టేశాను.

డాక్టరమ్మ రోజుకో మాట చొప్పున మళ్ళీ మొదటి నించి నేర్పమంది. ఈ గది గోడ మీద కొత్తగా రాస్తున్నాను. నిన్న "నీళ్ళు" అంది. ఇవాళ "పిల్లి" అని నేను నలభై సార్లు అంటే, నా పెదాలు పట్టుకుని చూసి, చూసి, ఒకసారి అంది. పోయిన మాటలన్నీ పాత గోడ మీంచి రాసుకు తెచ్చాను, వరసగా నేర్పుతాను. "దినా" కూడా నేర్పుతాను, మీ పిల్ల ఏ పాపమూ ఎరగదు.

మీ ఫొటో చూసి అన్న ఇరవై ఆరోది మాత్రం నేర్పను.

బుజ్జి తల్లి